పెద్దోడు బిగించిన ప్లగ్గు

దిగేవాడే ప్లగ్గు బిగించాలి. బావుల పని చేసే ఆ కుటుంబంలో అది కట్టుబాటు. ఎవరు పెట్టారో తెలియదు. మావయ్యను అడిగితే తాను తాడు పట్టడం నేర్చుకునేనాటికే ఉందనేవాడు.

పూడిక తీయాల్సిన బావిలో అయినా, కడగాల్సిన ట్యాంకులో అయినా అడుగున పీల్చడానికి గాలి ఉండదు. అందుకని గట్టు మీద చిన్న పెట్రోలు ఇంజన్ పెట్టి, దానికి ఫ్యాను తగిలించి, గొట్టం గుండా గాలిని కిందికి తోలుతారు. ఇంజన్ పొగ మళ్ళీ గొట్టంలో పడకుండా గాలివాటు చూసి అమరుస్తారు. దిగేవాడి నడుముకు తాడు ఉంటుంది. తాడు దగ్గర ఒకరు, ఇంజన్ దగ్గర ఒకరు. తాడు ఒకసారి లాగితే బాగున్నానని, రెండుసార్లు లాగితే గాలి పెంచమని, ఆపకుండా లాగితే పైకి తియ్యమని.

దిగబోయే మనిషి ముందు ఇంజన్ దగ్గర కూర్చుంటాడు. ప్లగ్గు విప్పి, మొన మీది మసి గీకి, గ్యాప్ సరిచేసుకుని, వైరు తగిలించి, ప్లగ్గును ఇంజన్ హెడ్డుకు ఆనించి స్టార్టర్ లాగి చూస్తాడు. రవ్వ కనపడితే తన చేత్తోనే బిగిస్తాడు. అతను ఎక్కి వచ్చేదాకా ఆ ప్లగ్గు మీద ఇంకొకరి చెయ్యి పడదు. వచ్చాక అతనే విప్పి, తుడిచి, డబ్బాలో వేస్తాడు. లోపల ఏదైనా జరిగితే పైన ఉన్నవాళ్ళను ఎవరూ ఒక్క మాట అనకుండా ఈ ఏర్పాటు.

పెద్దోడు ఎక్కి రాలేదు. లాగితే వచ్చాడు. అందుకని అతను బిగించిన ప్లగ్గు ఇంజన్లోనే ఉండిపోయింది.

పెద్దోడు, చిన్నోడు అన్నదమ్ములు. వీధిలో వాళ్ళకు వేరే పేర్లు లేవు. మావయ్య వాళ్ళ అమ్మకు తమ్ముడు, తాడు పట్టే పని ఆయనది. ఇంజన్ దగ్గర కూర్చునేది పెద్దోడి భార్య. పెళ్ళయిన కొత్తలో పెద్దోడు బావిలోకి దిగుతూ, నా ఊపిరి నీ చేతిలో ఉంది, కోపాలేమైనా ఉంటే నేను పైకొచ్చాక చూసుకుందాం అన్నాడట. మావయ్య అది వీధంతా చెప్పాడు. అప్పటినుంచి ఆమె గాలమ్మ. కూరలమ్మేవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు.

ప్లగ్గు చూడటం ఆమెకు పెద్దోడే నేర్పాడు. విప్పిన ప్లగ్గు మొన మీద మసి పొడిగా ఉంటే ఇంజన్‌కు తిండి ఎక్కువైందని, తెల్లగా పాలిపోతే ఆకలితో ఉందని, నూనె జిడ్డు కనిపిస్తే లోపల రింగులు అరిగాయని, కాఫీపొడి రంగుకు తిరిగితే కడుపు నిండిందని చెప్పేవాడు. గ్యాప్ కొలిచే రేకు ఆమె దగ్గరే ఉండేది, నడుముకు కట్టుకున్న సంచిలో. పెద్దోడు చెయ్యి చాస్తే ఆమె రేకు పెట్టేది. రేకు రెండు మొనల మధ్య పట్టీ పట్టనట్టు జారితే గ్యాప్ సరిపోయినట్టు.

ఆ రోజు పని రంగుల కార్ఖానా బావిలో. వాళ్ళు దిగిన బావుల్లో అదే లోతైనది. ముందు రోజు నుంచి భార్యాభర్తలకు మాటల్లేవు. పెద్దోడికి దగ్గు వస్తోంది. తగ్గాక దిగమంది ఆమె. దగ్గుకు సెలవు పెడితే తుమ్ముకు పింఛను అడగాలి అన్నాడు అతను. మావయ్య నవ్వాడు. ఆమె నవ్వలేదు. పొద్దున కార్ఖానాకు వెళ్ళాక పెద్దోడు ఇంజన్ దగ్గర కూర్చుని డబ్బాలోంచి ప్లగ్గు తీశాడు. గ్యాప్ సరిచేసుకున్నాడు. రేకు కోసం చెయ్యి చాచలేదు. ఆమె ఇవ్వలేదు. రవ్వ చూశాడు, బిగించాడు, దిగాడు.

మధ్యాహ్నం లోపే తాడు రెండుసార్లు లాగాడు. గాలడుగుతున్నాడని మావయ్య చెప్పాడు. గాలమ్మ ఇంజన్ వేగం పెంచే మీట పైకి తోసింది. ఇంజన్ రెండు మూడు దెబ్బలు తప్పి, దగ్గి, ఆగింది. ఆమె స్టార్టర్ లాగింది. అంటుకోలేదు. మళ్ళీ లాగింది. ఆమె లాగుతూ ఉండగానే చిన్నోడు, మావయ్య తాడు లాగారు. గట్టు మీదికి తెచ్చేసరికి పెద్దోడికి ఊపిరి లేదు.

మర్నాడు చిన్నోడు ఇంజన్‌ను ఇంటికి తెచ్చి ముందుగదిలో పెట్టాడు. ఎందుకో అతనికే తెలియదు. ఊరికే స్టార్టర్ ఒకసారి లాగాడు. ఇంజన్ అంటుకుంది. ఒక్క లాగుకే. ఏ లోపమూ లేనట్టు నడిచింది. లోపలి గదిలో ఉన్న గాలమ్మ లేచి వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. ఆ నిమిషాన ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఇంజన్‌లో తప్పు లేకపోతే మీట తోసిన చేతిలో ఉండాలి.

ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. ఆ కట్టుబాటు ఉన్నదే అందుకు. ఎవరైనా అని ఉంటే కాదనడానికి ఆమెకు వీలుండేది.

*

పని ఆగలేదు. తర్వాత వాళ్ళు లోతు లేని ట్యాంకులు ఒప్పుకున్నారు. చిన్నోడు దిగడం మొదలుపెట్టాడు. దిగేవాడే ప్లగ్గు బిగించాలి, కానీ ఉన్న ప్లగ్గును విప్పాల్సినవాడు వేరే ఉన్నాడు. చిన్నోడు మొదటిసారి పానా తీసినప్పుడు గాలమ్మ అతని చేతిలోంచి పానా తీసుకుని సంచిలో వేసుకుంది. ఆయన బిగించాడు, ఆయనే తీస్తాడు అంది. చిన్నోడు మావయ్య వైపు చూశాడు. మావయ్య తాడు ముడి చూసుకుంటున్నాడు. చిన్నోడు అన్న ప్లగ్గు మీదే దిగాడు. తర్వాత కూడా అలాగే దిగాడు.

అప్పుడే ఆ దెబ్బ తప్పడం మొదలైంది. మెల్లగా నడిచేటప్పుడు ఇంజన్ బాగానే ఉండేది. చిన్నోడు గాలడిగినప్పుడు, గాలమ్మ మీట కొంచెం పైకి తోయగానే, వరసగా పడే దెబ్బల్లో ఒకటి పడేది కాదు. వినేవాళ్ళకు అది మెట్టు ఉందనుకుని కాలు వేసినట్టు ఉండేది. మీట తగ్గిస్తే మళ్ళీ సరిపోయేది. మళ్ళీ తోస్తే మళ్ళీ తప్పేది.

తాను మీట తోస్తే పెద్దోడు వద్దంటున్నాడని గాలమ్మకు తెలిసిపోయింది. అనుమానం కాదు. మాట్లాడే మనిషి మాట విన్నట్టే విన్నది. మీట ముట్టుకునే ముందు ఇంజన్ వైపు చూసేది. తప్పిన దెబ్బకు తల ఊపేది. తగ్గించేది.

ఇంట్లో ఇంజన్ ముందుగదిలోనే ఉండేది, గోనెపట్టా కప్పి. పని నుంచి వచ్చాక అది చల్లారుతూ టిక్కు టిక్కుమనేది. ఏ ఇంజనైనా చల్లారేటప్పుడు ఇనుము ముడుచుకుని అలాగే అంటుంది. ఆ చప్పుడు ఆగేదాకా గాలమ్మ పక్కన కూర్చునేది, అన్నం కూడా తినకుండా. గదిలో పెట్రోలు వాసన, మసి వాసన కలిసి పెద్దోడి చొక్కా వాసన వచ్చేది. మావయ్య కుర్చీ అంతకుముందు ఇంజన్‌కు వీపు పెట్టి ఉండేది. ఇప్పుడు ఇంజన్‌కు వీపు పెట్టకుండా ఆయన దాన్ని పక్క గోడ వైపుకు తిప్పుకున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగకపోయినా ఆయన, గాలి బాగా తగులుతోందిక్కడ, అన్నాడు. అటు కిటికీ లేదు.

ఒకరోజు ఒక ఇంటి కింది నీళ్ళ ట్యాంకు కడుగుతూ చిన్నోడు రెండుసార్లు తాడు లాగాడు. గాలి పెరగలేదు. మళ్ళీ లాగాడు. తగ్గింది. అతను నిచ్చెన పట్టుకుని ఎక్కి వచ్చి, గోడ పక్కన కూర్చుని కక్కుకున్నాడు. తల పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. మావయ్య నీళ్ళిచ్చాడు.

"వదినా, నేను గాలడిగితే నువ్వు తగ్గించావు," అన్నాడు చిన్నోడు.

"మీ అన్నయ్య వద్దన్నాడు," అంది గాలమ్మ.

చిన్నోడు నోరు తుడుచుకున్నాడు.

*

ఆ వారంలోనే రంగుల కార్ఖానా మేనేజరు ఇంటికి వచ్చాడు. ఆ బావి సగం పూడికతో అలాగే ఉండిపోయింది. వేరే వాళ్ళను పిలిస్తే బావి దాకా వచ్చి, విషయం తెలుసుకుని వెళ్ళిపోతున్నారు. మీరే మొదలుపెట్టారు, మీరే ముగిస్తే బాగుంటుందని అడిగాడు. ఆయన కూర్చున్నంతసేపూ గోనెపట్టా వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు. చిన్నోడు ఒప్పుకున్నాడు. అన్న సగంలో వదిలిన పని పక్కన ఉండగా ట్యాంకులు కడుగుతూ తిరగడం తన వల్ల కాదని తర్వాత మావయ్యతో చెప్పాడు.

లెక్క చిన్నోడికి తెలుసు. ట్యాంకులో గాలి తగ్గితే నిచ్చెన ఎక్కి బయటపడొచ్చు. ఆ బావిలో గాలి తగ్గితే ఎక్కే వ్యవధి ఉండదు. మీట పూర్తిగా పైకి తోయాల్సి వస్తుంది. వదిన తోయదు. తోసినా ఆ ఇంజన్ తట్టుకోదు.

గాలమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు చూసి మెకానిక్‌ను ఇంటికి తీసుకొచ్చాడు. మెకానిక్ ఇంజన్ స్టార్ట్ చేసి, స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద, పిడి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మీట తోశాడు. దెబ్బ తప్పింది. తగ్గించాడు. తోశాడు. తప్పింది. ప్లగ్గే అన్నాడు. పానా కోసం చెయ్యి చాచేసరికి గాలమ్మ గుమ్మంలో ఉంది. బిందె కింద పెట్టి వచ్చి, నడుస్తున్న ఇంజన్ ముందు కూర్చుని, ప్లగ్గు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"చెయ్యి తియ్యండమ్మా, షాక్ కొడుతుంది," అన్నాడు మెకానిక్.

"ఎప్పుడో కొట్టింది," అంది ఆమె.

మెకానిక్ ఇంజన్ ఆపాడు. సంచి సర్దుకున్నాడు. చిన్నోడు అతని వెంట వీధి చివరిదాకా వెళ్ళాడు. ప్లగ్గు రవ్వ బాగానే ఇస్తుంది కదా, అన్న బిగించే ముందు చూశాడు, పక్కనుండి నేనూ చూశానని చెప్పాడు. బయట గాలిలో మెరవడం గొప్ప కాదన్నాడు మెకానిక్. లోపల పెట్రోలు, గాలి కలిసి నొక్కుకుని ఉంటాయి. ఆ ఒత్తిడిలో రవ్వ దూకాలి. ప్లగ్గు మొన చుట్టూ ఉండే పింగాణీకి వెంట్రుకంత చీలిక ఉన్నా చాలు, మీట తోసి ఒత్తిడి పెరిగినప్పుడు కరెంటు మొన దాకా రాకుండా ఆ చీలికలోంచి పక్కకు జారిపోతుంది. కాలని పెట్రోలు ప్లగ్గును తడిపేస్తుంది. తడిసిన ప్లగ్గును ఎంత లాగినా అంటుకోదు. ఆరిపోయాక ఒక్క లాగుకే అంటుకుంటుంది, ఏమీ ఎరగనట్టు.

చివరి మాటకు చిన్నోడు ఆగిపోయాడు. ఒక్క లాగుకేనా అని మళ్ళీ అడిగి చెప్పించుకున్నాడు. ఇన్నాళ్ళు విప్పకుండా ఉంచారు కాబట్టి పట్టేసి ఉంటుందని, చల్లగా ఉన్నప్పుడు బలం పెట్టి తిప్పితే మర పోతుందని, ఇంజన్ కాసేపు నడిపి వెచ్చబడ్డాక అటూ ఇటూ కదుపుతూ విప్పమని మెకానిక్ చెప్పాడు. చిన్నోడు అక్కడే కొత్త ప్లగ్గు కొని చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇంటికి వచ్చి ఆ మాట వదినతో చెప్పబోయాడు. ఆమె ఇంజన్ మీద గోనెపట్టా సర్దుతోంది. పట్టా అంచు ప్లగ్గు మీదికి జారకుండా వెనక్కి మడిచి పెడుతోంది, పడుకున్న మనిషి ముఖం మీది దుప్పటి తీసినట్టు. చిన్నోడు చెప్పలేదు.

*

పనికి వెళ్ళిన రోజు కార్ఖానా పెరట్లో ఎవరూ లేరు. వాచ్‌మన్ గేటు తీసి, తాడు వెనక పట్టడానికి తానూ వస్తానన్నాడు. ముందు రోజే పంపుతో నీళ్ళు తోడేశారు. మావయ్య దీపం దించాడు. అడుగుదాకా వెళ్ళి దీపం చిన్నబోయింది కానీ ఆరలేదు. గొట్టం దించి ఇంజన్ స్టార్ట్ చేసి, చాలాసేపు గాలి తోలారు. మళ్ళీ దించితే దీపం నిలబడి వెలిగింది. ఇంజన్ ఆపారు. ఇప్పుడు ప్లగ్గు సంగతి.

చిన్నోడు జేబులోంచి కొత్త ప్లగ్గు తీశాడు. నా ప్లగ్గు నేను బిగించుకుంటా, పానా ఇయ్యి వదినా అన్నాడు. ఆమె సంచి మీద చెయ్యి పెట్టుకుంది. ఇవ్వలేదు. మావయ్య మధ్యలో కలగజేసుకుని, ఇంజన్ కూడా పెళ్ళికొడుకులా అలిగి కూర్చుందని ఏదో అనబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి సగంలో ఆపేశాడు.

చిన్నోడు కొత్త ప్లగ్గును గట్టు మీద పెట్టాడు. తాడు తీసుకుని నడుముకు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావ్?" అంది గాలమ్మ.

"దిగుతున్నా. అన్న ప్లగ్గు మీదే దిగుతా. ఆయన వద్దంటే తగ్గించు."

అతను అది కోపంగా అనలేదు. ముడి వేసి, లాగి చూసుకున్నాడు. గాలమ్మ అతని చేతులు చూసింది. పెద్దోడు కూడా ముడి వేశాక అలాగే బొటనవేలితో ఒత్తి చూసుకునేవాడు. ఆమె లేచి వచ్చి ముడి విప్పేసింది.

"నువ్వొద్దు. నేను దిగుతాను," అంది.

వాచ్‌మన్ మావయ్య వైపు చూశాడు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు దిగిన బావి లేదు. చిన్నోడు ఏదో అనబోయాడు. మావయ్య చెయ్యెత్తి ఆపాడు. ఆయన గట్టు మీద కూర్చుని, తాడు చుట్ట ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడూ లేనంత మెల్లగా మాట్లాడాడు.

"దిగు అమ్మాయ్. కాదనను. మరి దిగేవాళ్ళే కదా ప్లగ్గు బిగించాలి. పాతది విప్పితే కదా బిగించేది."

గాలమ్మ ఇంజన్ వైపు చూసింది. కార్ఖానా రేకుల మీద పావురాలు నడుస్తున్న చప్పుడు వినపడింది.

ఆమె ఇంజన్ దగ్గర కూర్చుని సంచిలోంచి పానా తీసింది. ఇంజన్ వెచ్చగానే ఉంది. పానా వేసి తిప్పింది. కదల్లేదు. చిన్నోడు దగ్గరికి వచ్చి, ముట్టుకోకుండా, అటూ ఇటూ కదుపు అన్నాడు. ఆమె కదిపింది. కిర్రుమంది. ఇంకా కదిపింది. పట్టు వదిలింది. చివరి చుట్లు వేళ్ళతో తిప్పింది. ప్లగ్గు చేతిలోకి వచ్చాక కొంచెంసేపు పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. అది కాలుతోంది. వదల్లేదు.

తర్వాత పిడికిలి తెరిచి ఎండలో చూసింది.

మొన ఒక పక్క కాఫీపొడి రంగులో ఉంది. ఇంకో పక్క నల్లగా ఉంది. మధ్య మొనను చుట్టి ఉండే పింగాణీ మీద నిలువునా చీలిక ఉంది. చీలిక చివర గోరంత పెచ్చు ఊడిపోయింది. మధ్య మొన మీద, పింగాణీకి ఆనుకుని, స్క్రూడ్రైవర్ నొక్కిన గంటు ఉంది. గ్యాప్ పెంచడానికి పై మొనను వంచాలి. రేకు ఉంటే కొద్దికొద్దిగా వంచుతూ కొలుచుకుంటారు. లేకపోతే స్క్రూడ్రైవర్ మొన లోపల దూర్చి, మధ్య మొన మీద ఊతం పెట్టి ఎత్తుతారు. అలా ఎత్తకూడదని ఆమెకు చెప్పిందే పెద్దోడు. పింగాణీ చీలుతుంది, చీలింది కంటికి కనపడదు అని చెప్పాడు.

ఆమె నడుము సంచిలో రేకు ఉంది. ఆ రోజూ ఉంది.

మావయ్య వంగి చూశాడు. చీలిక ఆయనకు ఆనలేదు. ప్లగ్గు తీసుకుని వైరు తగిలించి, హెడ్డుకు ఆనించి స్టార్టర్ లాగాడు. నీలం రవ్వ టపటపా కొట్టింది. మెరుస్తోందిగా అన్నాడు. అప్పుడు చిన్నోడు మెకానిక్ చెప్పినదంతా చెప్పాడు. బయట మెరవడం గురించి, ఒత్తిడి గురించి, తడవడం గురించి. ఆరాక ఒక్క లాగుకే అంటుకుంటుందన్న మాట దగ్గర వదిన ముఖంలోకి చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

"నన్ను అడిగితే ఇచ్చేదాన్ని," అంది. ఎవరితో అందో తెలియలేదు. సంచిలోంచి రేకు తీసి, "నేనైనా ఇవ్వాల్సింది," అంది.

కొత్త ప్లగ్గు మొనల మధ్య రేకు పెట్టి చూసింది. పట్టీ పట్టనట్టు జారింది. వేళ్ళతో చివరిదాకా తిప్పి, పానాతో ఒక పట్టు పట్టి వదిలేసింది. ఇంజన్ ఒక్క లాగుకే అంటుకుంది. మీట కిందే ఉంచారు. తాడు అడిగితే తప్ప మీట ముట్టుకోకూడదు.

పెద్దోడి ప్యాంటు సంచిలో తెచ్చుకుంది. ఎందుకు తెచ్చుకుందో, అంటే దిగాలని ముందే అనుకుందో లేదో, తర్వాత చిన్నోడు అడిగితే చెప్పలేదు. చీర మీదే తొడుక్కుని తాడు కట్టుకుంది. పాత ప్లగ్గును ప్యాంటు జేబులో వేసుకుంది. ఇంజన్ దగ్గర చిన్నోడిని కూర్చోబెట్టి, నేను రెండుసార్లు లాగితే మీట చివరిదాకా తొయ్యి, మెల్లగా కాదు, ఆ రోజు నేను తోసినట్టు తొయ్యి అంది. అతనికి అర్థమైంది.

*

గోడకు ఇనుప మెట్లున్నాయి. మావయ్య తాడు వదులుతూ, కాలు పెట్టే ముందు కదిపి చూసుకో, చూసుకో, అంటూనే ఉన్నాడు. కొంచెం దూరం పోయాక ఆయన మాట వినపడలేదు. రాళ్ళకు పాత రంగులు పట్టి ఉన్నాయి: ఎరుపు, నీలం, వాటి కింద పసుపు. ఇంకా కిందికి వెళ్ళాక అన్నీ ఒకటే రంగు.

అడుగున బురద పిక్కల దాకా వచ్చింది. పెద్దోడి పార అక్కడే ఉంది, సగం బురదలో, పిడి పైకి. మనిషి ఒక్క నిమిషం పక్కన పెట్టినట్టు గోడకు ఆనించి ఉంది. ఆమె దాన్ని వెంటనే ముట్టుకోలేదు. పార ఎక్కడ ఉందో చూసి, పెద్దోడు ఎటు తిరిగి నిలబడి ఉంటాడో లెక్క వేసుకుని, అక్కడ నిలబడింది. గొట్టం మూతి ముఖానికి ఎదురుగా వచ్చింది.

గొట్టంలోంచి గాలితో పాటు ఇంజన్ చప్పుడు వస్తోంది. పైన పక్కన కూర్చుని విన్నప్పటి చప్పుడు కాదు. ఎవరో ఛాతీకి చెవి ఆనించి విన్నట్టుంది. ఇన్నేళ్ళు ఆమె నడిపిన ఇంజన్ కింద ఉన్నవాళ్ళకు ఎలా వినపడుతుందో ఆమెకు అంతవరకు తెలియదు. ఆ రోజు ఆ చప్పుడు ఆగినప్పుడు ఇక్కడ ఏం వినపడి ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఒకసారి తాడు లాగింది. బాగున్నానని. ఆ తర్వాత జేబులో ప్లగ్గు మీద చెయ్యి పెట్టుకుని, రెండుసార్లు లాగింది.

చప్పుడు పెరిగింది. గాలి ముఖాన కొట్టింది. జుట్టు వెనక్కి పోయింది. ఆమె ఊపిరి బిగబట్టి విన్నది. దెబ్బ పడింది, పడింది, పడింది. తప్పుతుందని ఆమెకు తెలిసిన చోటు వచ్చింది. పడింది. ఆమె ఇంకా వింటోంది. చివరిదాకా తోసిన మీట మీద ఇంజన్ ఒకే వరసన నడుస్తోంది. వద్దనడం లేదు.

ఆమె ఏదో అంది. పెద్దగానే అంది. గొట్టం మోతలో పైవాళ్ళకు వినపడలేదు. మావయ్య గట్టు మీద నుంచి వంగి చూస్తే ఆమె పార పిడి పట్టుకుని మాట్లాడుతూ కనపడింది. తిడుతున్నట్టుందని చిన్నోడితో అన్నాడు. కాసేపయ్యాక, ఇంకా తిడుతోందన్నాడు. చిన్నోడు మీట మీద చెయ్యి తీయలేదు.

ఆమె పూడిక తీయలేదు. పారను బురదలోంచి పీకి బకెట్టు తాడుకు కట్టింది. తర్వాత మెట్లు ఎక్కింది. సగంలో మావయ్య తాడు లాగి సాయం చేయబోతే, వద్దు, వదులుగా పట్టుకో, నేనే ఎక్కుతాను అని కేకేసింది.

గట్టు మీదికి వచ్చి, ఇంజన్ ఆపించి, ప్లగ్గు విప్పింది. మొన మీద రంగు పట్టడానికి ఇంకా వేళ చాల్లేదు. తుడిచింది. జేబులోంచి పాత ప్లగ్గు తీసి దాన్నీ తుడిచింది. రెండూ డబ్బాలో వేసింది.

"అది ఎందుకమ్మాయ్? పగిలిపోయింది కదా," అన్నాడు మావయ్య.

"ఇద్దరం ఎక్కి వచ్చాం కదా," అంది ఆమె.

మావయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఎండ ఎక్కువగా ఉందన్నాడు.

ఆ తర్వాత చిన్నోడు ఇంజన్ దగ్గర కూర్చున్నాడు. డబ్బాలోంచి కొత్త ప్లగ్గు తీసి, చెయ్యి చాచాడు. గాలమ్మ రేకు పెట్టింది. అతను గ్యాప్ చూసుకుని, రవ్వ చూసుకుని, బిగించి, రేకు తిరిగి ఇచ్చి, దిగాడు. బకెట్లు పైకి రావడం మొదలైంది. వాచ్‌మన్ పూడికను గోడ పక్కన పోస్తున్నాడు.

కాసేపటికి తాడు రెండుసార్లు కదిలింది. గాలడుగుతున్నాడని మావయ్య చెప్పాడు. గాలమ్మ చెయ్యి మీట మీదే ఉంది. అది కదలడానికి కొంత వ్యవధి పట్టింది. మావయ్య మళ్ళీ చెప్పడానికి నోరు తెరిచేలోపు ఆమె మీట పైకి తోసింది, చివరిదాకా.

ఇంజన్ అందుకుంది. ఆమె చెవి మాత్రం ఆ చోటు కోసం చూస్తోంది. అది వచ్చిన ప్రతిసారీ ఆమె వేళ్ళు మీట మీద బిగుసుకుంటున్నాయి. దెబ్బ పడుతోంది. కిందినుంచి తాడు ఒకసారి కదిలింది, బాగున్నానని. ఆమె వేళ్ళు బిగుసుకుంటూనే ఉన్నాయి. మీట తగ్గించలేదు.